మాట ఒకరిది కాదు, ఇద్దరిది



ప్రతి పీటీఎంలోనూ నాకు తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి, కుర్చీలోంచి లేవబోతూ అడుగుతారు: ‘మా వాడికి కమ్యూనికేషన్ స్కిల్స్ ఎప్పుడొస్తాయి మిస్? ఇంట్లో కూడా ఇంగ్లిష్‌లోనే మాట్లాడమంటారా?’ వాళ్ళ వెనక ఇంకో పదిమంది తల్లిదండ్రులు ఎదురుచూస్తూ ఉంటారు. ‘మాట్లాడించండి, మంచిదే’ అని నేను కూడా చాలాసార్లు చెప్పి పంపేశాను. ఆ జవాబు సరైనది కాదని నాకు క్లాసులోనే తెలిసింది. ఎలా తెలిసిందో, ఇప్పుడు ఆ ప్రశ్న అడిగితే ఏం చెబుతానో ఈ నెల తీరిగ్గా రాస్తున్నాను.

ముందు అసలు కమ్యూనికేషన్ అంటే ఏమిటో చూద్దాం.

మాట పార్సిల్ కాదు

నా మనసులో ఉన్న సంగతిని మాటల్లో కట్టి మీకు పంపుతాను, మీరు విప్పి చూసుకుంటారు. కమ్యూనికేషన్ అంటే ఇంతే అని మనలో చాలామంది అనుకుంటాం. కొరియర్ పార్సిల్ లాగా అన్నమాట. అలా అనుకుంటే ఇక చేయాల్సింది ఒక్కటే, ప్యాకింగ్ బాగా చేయడం. అంటే మంచి ఇంగ్లిష్, మంచి ఉచ్చారణ.

పుస్తకాల్లో ఈ ఆలోచనకు దగ్గరగా ఒక బొమ్మ కనిపిస్తుంది. 1948లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే క్లాడ్ షానన్ ఒక పెద్ద వ్యాసం ప్రచురించాడు. సమాచారం ఎక్కడ పుడుతుంది, ఏ దారిలో వెళుతుంది, దారిలో ఏ రొద కలుస్తుంది, అవతల ఎవరు అందుకుంటారు అన్నది అందులో బొమ్మ గీసి, లెక్కలు కట్టి చూపించాడు. ఈరోజు మన ఫోన్లు, ఇంటర్నెట్ పనిచేయడం వెనక ఆ లెక్కలు ఉన్నాయి. అయితే ఆ వ్యాసం మొదట్లోనే షానన్ ఒక జాగ్రత్త చెప్పాడు. సందేశానికి అర్థం ఏమిటన్నది తన ఇంజినీరింగ్ సమస్యకు సంబంధించిన విషయం కాదన్నాడు. ఆ బొమ్మ సంకేతాల ప్రయాణం గురించి. మనుషుల మధ్య నడిచేదానికి అది చాలదు.

ఎందుకు చాలదో మన ఇళ్ళలోనే చూడండి. ‘పది అయింది’ అని అమ్మ అంటుంది. రాత్రి టీవీ ముందు కూర్చున్న పిల్లవాడికి అది ‘ఇక పడుకో’ అని. ఆదివారం పొద్దున దుప్పటి ముసుగేసుకున్న వాడికి ‘లే’ అని. పెళ్ళికి బయలుదేరాల్సిన నాన్నకు ‘ఇంకా తెమలలేదా?’ అని. మాటలు రెండే, అవి మారలేదు. అర్థం మారింది. ఎందుకంటే విన్నవాళ్ళు ఆ మాటకు సమయాన్ని, సందర్భాన్ని, అన్న మనిషిని కలుపుకుని అర్థం చేసుకున్నారు.

ఇంకొకటి. ‘కూర ఎలా ఉంది?’ అని అడిగితే, ‘అన్నం బాగా ఉడికింది’ అని జవాబు వచ్చిందనుకోండి. కూర గురించి ఒక్క ముక్క కూడా లేదు. అయినా వండినవారికి విషయం అర్థమైపోతుంది! దీన్ని బాగా వివరించినవాడు పాల్ గ్రైస్ అనే తత్వవేత్త. మాట్లాడుకునే ఇద్దరూ ఒకరికొకరు సహకరిస్తున్నారనే నమ్మకం మీదే సంభాషణ నడుస్తుందని 1975లో అచ్చయిన వ్యాసంలో ఆయన రాశాడు. అవతలివాళ్ళు సంబంధం లేనట్టు మాట్లాడినా, ‘ఏదో ఉద్దేశంతోనే అన్నారు’ అనుకుని ఆ ఉద్దేశం వెతుకుతాం. అంటే అర్థాన్ని సగం చెప్పేవాళ్ళు, సగం వినేవాళ్ళు కలిసి తయారు చేస్తారు.

‘భోంచేశారా?’ అని ఎందుకు అడుగుతాం?

మధ్యాహ్నం దారిలో తెలిసినవాళ్ళు కనిపిస్తే ‘భోంచేశారా?’ అంటాం. లేదని చెబితే వెంటనే వడ్డించాలని కాదు. బస్టాప్‌లో సంచితో నిలబడ్డ మనిషిని ‘ఊరికా?’ అని అడుగుతాం. చూస్తే తెలుస్తూనే ఉంది, అయినా అడుగుతాం. ఇందులో కొత్త సమాచారం ఏమీ లేదు. ‘నిన్ను చూశాను, మనం ఒకరికొకరం తెలిసినవాళ్ళం’ అని చెప్పడమే దాని పని.

పోలెండ్‌లో పుట్టిన మానవశాస్త్రవేత్త బ్రోనిస్లావ్ మలినోవ్‌స్కీ ట్రోబ్రియాండ్ దీవుల్లో ప్రజల మధ్య ఉండి వాళ్ళ జీవితాన్ని పరిశీలించాడు. సమాచారం కోసం కాకుండా, కలిసి ఉన్నామన్న బంధం కోసం మనుషులు మాట్లాడుకునే మాటలు ప్రతి సమాజంలోనూ ఉంటాయని 1923లో రాశాడు. మన ‘భోంచేశారా?’ అచ్చంగా ఆ కోవలోదే. ఇంట్లోంచి బయటికి వెళ్ళేటప్పుడు ‘వెళ్తాను’ అనకుండా ‘వెళ్ళొస్తాను’ అనమని పెద్దవాళ్ళు నేర్పేది కూడా అందుకే. సమాచారం రెండింటిలోనూ ఒకటే. బంధం మాత్రం రెండోదాంట్లో ఉంది.

మన పిల్లలకు ఇప్పటికే వచ్చిన స్కిల్

తెలుగు ఇంట్లో పెరిగే పిల్లలు బడికి రాకముందే ఒక కష్టమైన సంగతి నేర్చుకుని ఉంటారు. ఎదుటి మనిషి ఎవరో చూసుకోకుండా తెలుగులో ఒక్క వాక్యం కూడా సరిగ్గా పూర్తి చేయలేం. తమ్ముడితో ‘రా’, తాతగారితో ‘రండి’. స్నేహితుడు ‘వచ్చాడు’, సార్ ‘వచ్చారు’.

‘మనం’, ‘మేము’ తీసుకోండి. ఇంగ్లిష్‌లో రెండింటికీ ‘వుయ్’ ఒక్కటే. తెలుగులో అలా కుదరదు. పక్కింటి ఆంటీతో మీ పాప ‘మేం రేపు తిరుపతి వెళ్తున్నాం’ అంటే ఒక అర్థం. ‘మనం రేపు తిరుపతి వెళ్తున్నాం’ అంటే ఆంటీ కూడా బట్టలు సర్దుకోవాలి! వినే మనిషి నా గుంపులో ఉన్నారా, బయట ఉన్నారా అని ప్రతిసారీ లెక్క వేసుకుంటేనే ఆ మాట సరిగ్గా వస్తుంది. ఎవరూ గ్రామర్ క్లాస్ చెప్పకుండానే పిల్లలు ఈ లెక్క వేస్తారు.

ఇది ఇంగ్లిష్‌కు ఎలా పనికొస్తుందో చెబుతాను. మా క్లాసులో పిల్లలు తరచుగా ‘మిస్, గివ్ బుక్’ అంటారు. వినేవాళ్ళకు మర్యాద లేనట్టు అనిపిస్తుంది. నిజానికి ఆ పిల్లవాడి మనసులో ఉన్నది ‘బుక్ ఇవ్వండి’. మర్యాద అంతా ఆ ‘అండి’లో ఉంది, ఇంగ్లిష్‌లోకి మార్చేటప్పుడు అది జారిపోయింది. అప్పుడు నేను ‘డోంట్ బీ రూడ్’ అని మందలిస్తే వాడికి ఏమీ అర్థం కాదు. ‘తాతయ్యను అడిగేటప్పుడు ఇవ్వు అంటావా, ఇవ్వండి అంటావా? ఇంగ్లిష్‌లో ఆ అండిని ముందు పెట్టాలి: కుడ్ యు, ప్లీజ్’ అంటే ఒక్కసారికే పట్టుకుంటాడు. ఎదుటి మనిషిని గమనించడం వాడికి తెలుగు ముందే నేర్పింది. నేను కొత్త మాటలు మాత్రం ఇచ్చాను.

నేను చేసిన పొరపాటు

ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం నా క్లాసులో ఒక రూల్ పెట్టాను. లోపలికి వచ్చాక తెలుగు వద్దు, ఏదైనా ఇంగ్లిష్‌లోనే చెప్పాలి. బోర్డు పక్కన చార్టు మీద రాసి అంటించాను. పిల్లలు నిశ్శబ్దంగా ఉండేవారు. క్లాస్ బాగా నడుస్తోందనుకున్నాను.

ఒకరోజు రెండో తరగతి పాప ఒకతి మొదటి పీరియడ్ నుంచీ డెస్క్ మీద తల వాల్చుకుని ఉంది. దగ్గరికి వెళ్ళి ‘ఎనీ ప్రాబ్లమ్?’ అని అడిగాను. తలెత్తి ‘నో, మిస్’ అంది. మళ్ళీ అడిగాను, మళ్ళీ అదే. సరే నిద్రమత్తేమో అనుకుని పాఠంలోకి వెళ్ళిపోయాను.

లంచ్ బెల్ కొట్టాక ఆయమ్మ పిల్లల్ని వరుసలో నిలబెడుతూ ఆ పాపను చూసింది. వంగి, నుదుటి మీద చెయ్యి పెట్టి, ‘ఏమ్మా, కడుపు నొప్పా?’ అంది. అంతే, పాప ఆయమ్మ నడుము పట్టుకుని ఏడ్చేసింది. పొద్దుటి నుంచీ కడుపు నొప్పి, ఒళ్ళు వెచ్చగా ఉంది.

వాళ్ళమ్మకు ఫోన్ చేస్తే పరుగున వచ్చారు. నన్ను కోప్పడలేదు. ‘మీకు చెప్పలేదా మిస్?’ అని మాత్రం అడిగారు. ఏం చెప్పను? తను చెప్పలేదు నిజమే. చెప్పడానికి ఆ పిల్ల దగ్గర ఉన్న మాటలు నా రూల్ ప్రకారం పనికిరావు. నా ప్రశ్నకు తనకు తెలిసిన ఇంగ్లిష్ జవాబు ‘నో, మిస్’ ఒక్కటే.

బీఈడీలో వైగోట్‌స్కీ పాఠం చదివి, పరీక్షలో రాసి, మార్కులు కూడా తెచ్చుకున్నాను. పిల్లల ఆలోచనాశక్తి మొదట మనుషుల మధ్య పుడుతుందని, తర్వాతే పిల్లల లోపలికి చేరుతుందని ఆయన చెప్పాడు. చదివింది ఆరోజు అర్థమైంది. మధ్యలో మనిషి లేనిదే మాట పుట్టదు. నేను ఆ పాప ముందు నిలబడ్డానే కానీ, మధ్యలో ఒక చార్టు పెట్టుకున్నాను.

మర్నాడు చార్టు తీసేశాను. ఇప్పుడు నా పద్ధతి వేరు. ఏ భాషలోనైనా ముందు చెప్పు, తర్వాత దాన్నే ఇంగ్లిష్‌లో ఎలా అనాలో నేను చెబుతాను, నువ్వు ఒకసారి అను. ఆ పాప తర్వాతి వారం నా దగ్గరికి వచ్చి ‘మిస్, మై స్టమక్ ఈజ్ నాట్ పెయినింగ్ టుడే’ అంది. గ్రామర్ సంగతి తర్వాత. తనంతట తానుగా వచ్చి చెప్పింది.

మూడు క్షణాల ఓపిక

సంభాషణలో ఒకరి తర్వాత ఒకరు వంతులవారీగా మాట్లాడతాం. ఎంత వేగంగా అంటే, పది భాషలను పోల్చి 2009లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ప్రశ్నకూ జవాబుకూ మధ్య విరామం సగటున సెకనులో ఐదో వంతుకు దగ్గరగా తేలింది. అంటే ఎదుటివాళ్ళ మాట పూర్తికాకముందే మనం జవాబు సిద్ధం చేసుకుంటూ ఉంటాం.

పెద్దల వేగం ఇది. పిల్లలకు ఇంకా కాస్త సమయం కావాలి, ముఖ్యంగా రెండో భాషలో. మనం ఆగలేం. ‘స్కూల్లో ఏం చేశారు? ఏం చెప్పారు? హోమ్‌వర్క్ ఉందా? తిన్నావా?’ అని నాలుగు ప్రశ్నలు వరసగా వేస్తాం. పిల్లవాడు ‘ఏం లేదు’ అని ఒక్క జవాబుతో నాలుగింటినీ ముగిస్తాడు.

టీచర్లు కూడా ఇందుకు తక్కువ కాదు. అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970ల్లో క్లాస్‌రూమ్ రికార్డింగులు విన్నారు. ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని గుర్తించారు. దాన్ని మూడు సెకన్లు చేసినప్పుడు పిల్లల జవాబులు పెద్దవయ్యాయి. ఎప్పుడూ మాట్లాడని పిల్లలు కూడా నోరు విప్పారు. రూపాయి ఖర్చు లేని పద్ధతి ఇది. ప్రశ్న వేసి, మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టుకోవడమే. చేసి చూస్తే తెలుస్తుంది, మూడు సెకన్లు ఎంత పొడుగో!

ఫోన్ నేర్పుతుంది కదా?

‘మా పాప యూట్యూబ్‌లో ఇంగ్లిష్ రైమ్స్ అన్నీ చూస్తుంది మిస్’ అని కొందరు చెబుతారు. అమెరికాలో ప్యాట్రీషియా కూల్, ఆమె సహచరులు చేసిన ఒక ప్రయోగం 2003లో అచ్చయింది. ఇంగ్లిష్ ఇళ్ళలో పుట్టిన తొమ్మిది నెలల పిల్లలకు చైనా భాష మాండరిన్ వినిపించారు. కొందరితో మాండరిన్ మాట్లాడే మనుషులు ఎదురుగా కూర్చుని ఆడుతూ మాట్లాడారు. మరికొందరికి అదే భాషను వీడియోలో చూపించారు, ఇంకొందరికి ఆడియో మాత్రమే వినిపించారు. అన్నిచోట్లా పన్నెండు సార్లే. మనుషులతో గడిపిన పిల్లలు ఆ భాష ధ్వనుల తేడాలు పట్టుకున్నారు. వీడియో, ఆడియో పిల్లలు పట్టుకోలేదు.

అది పసిపిల్లల గురించిన ప్రయోగం. పెద్ద పిల్లలు వీడియో నుంచి కొన్ని పదాలు నేర్చుకుంటారు, కాదనను. కానీ వీడియో పిల్లవాడి ముఖం చూడదు. అర్థం కాకపోతే మళ్ళీ చెప్పదు, వాడు చెప్పింది విని ‘అవునా!’ అనదు. మాట్లాడటం వంతులవారీగా నడిచేది కాబట్టి, మీ వంతు వదిలిపెట్టేవాళ్ళే మీకు మాట నేర్పగలరు.

మరి ఇంట్లో ఏ భాష?

ఇప్పుడు పీటీఎం ప్రశ్నకు జవాబు. ఇంట్లో మీకు ఏ భాషలో నవ్వడం, కోప్పడటం, కథ చెప్పడం, బుజ్జగించడం వచ్చో ఆ భాషలోనే మాట్లాడండి. తెలుగైతే తెలుగు, ఉర్దూ అయితే ఉర్దూ, లంబాడీ అయితే లంబాడీ. ఇంగ్లిష్ టీచర్‌గానే ఈ మాట చెబుతున్నాను.

ఎందుకంటే, మీకు అంతగా అలవాటు లేని ఇంగ్లిష్‌లో మాట్లాడాలని పట్టుబడితే ఇంట్లో మిగిలేవి ‘కమ్ హియర్’, ‘ఈట్ ఫాస్ట్’, ‘డోంట్ డూ’ మాత్రమే. ఆజ్ఞలు ఉంటాయి, కబుర్లు పోతాయి. నానమ్మ అయితే పూర్తిగా మౌనమైపోతుంది. ఆ ఇంట్లో పిల్లవాడు రోజుకు వినే కారణాలు, ఉపమానాలు, ‘ఒకవేళ’లు, ‘అందుకే’లు తగ్గిపోతాయి. అవే రేపు వాడి ఇంగ్లిష్ వ్యాసంలో కావాల్సినవి.

కెనడాలో పనిచేసిన జిమ్ కమిన్స్ రెండు భాషల పిల్లల గురించి 1970ల చివరి నుంచీ రాశారు. రెండు భాషలు పైకి వేరువేరుగా కనిపించినా అడుగున ఒకటే పునాది అని, నీళ్ళలో తేలే మంచుకొండకు రెండు శిఖరాలున్నట్టు అని ఆయన పోల్చారు. ఒక భాషలో నేర్చుకున్న ఆలోచన రెండోదానికీ పనికొస్తుంది. ఆయన ఇంకొకటి గమనించారు. కెనడాకు వలస వచ్చిన పిల్లలకు మామూలు మాటల ఇంగ్లిష్ రెండేళ్ళలో వచ్చినా, చదువుకు కావాల్సిన ఇంగ్లిష్‌లో తోటివారిని అందుకోవడానికి ఐదు నుంచి ఏడేళ్ళు పట్టింది. చుట్టూ ఇంగ్లిష్ వినిపించే దేశంలోనే అంత సమయం పడితే, మన పిల్లలు యూకేజీ నుంచి ఒకటో తరగతికి రాగానే గడగడా మాట్లాడలేదని కంగారు పడటం న్యాయమేనా?

ఇంగ్లిష్ నేర్పే బాధ్యత మాది. దాని కోసం మేం రోజూ కష్టపడతాం, మీరు అడగండి, లెక్క చెబుతాం. కబుర్లు చెప్పే బాధ్యత మీది. అది మేం ముప్ఫై ఐదు మంది ఉన్న క్లాసులో ఒక్కొక్కరికీ ఇవ్వలేం.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి

1. ముందు మీ రోజు చెప్పండి. ‘ఈరోజు మా ఆఫీసులో లిఫ్ట్ ఆగిపోయింది, నాలుగంతస్తులు ఎక్కాను’ అని మొదలుపెడితే, పిల్లలు వాళ్ళ కబురు వాళ్ళే తీస్తారు. షాపు, పొలం, వంటిల్లు, ఎక్కడి సంగతైనా సరే.

2. ‘స్కూల్లో ఏం జరిగింది?’ బదులు చిన్న ప్రశ్న ఒకటి వేయండి. ‘ఇవాళ నీ పక్కన ఎవరు కూర్చున్నారు?’, ‘ఎవరి టిఫిన్ బాక్స్‌లో ఏముంది?’ వేశాక మూడు లెక్కపెట్టండి.

3. తప్పును తప్పు అనకుండా సరైన మాటను తిరిగి అనండి. ‘ఐ goed’ తరహాలో మీ అబ్బాయి ‘ఐ గోడ్ టు పార్క్’ అంటే, ‘ఓ, యు వెంట్ టు ద పార్క్? ఎవరెవరు వచ్చారు?’ అనండి. మీకు ఇంగ్లిష్ రాకపోతే రెండో ప్రశ్న ఒక్కటే చాలు.

4. ఇంగ్లిష్ పాఠాన్ని మీకు తెలుగులో చెప్పమనండి. మీరు నిజంగా అర్థం కానట్టే అడగండి. వివరించి చెప్పగలిగితే పాఠం వచ్చినట్టే.

5. రాత్రి భోజనం అయ్యేదాకా ఇంట్లో అందరి ఫోన్లూ వేరే గదిలో ఉంచండి. అందరివీ అంటే మనవి కూడా.

6. వారానికి ఒక పని పిల్లల చేత మాట్లాడించి చేయించండి. కిరాణా కొట్టులో సరుకు అడగడం, అమ్మమ్మకు ఫోన్ చేసి కబుర్లు చెప్పడం, ఇంటికి వచ్చినవాళ్ళను ‘రండి, కూర్చోండి’ అని పలకరించడం.

నెలాఖరు పీటీఎంకు వచ్చినప్పుడు మీ పిల్లలు చెప్పిన కబురు ఒకటి గుర్తుపెట్టుకుని నాకు చెప్పండి. ఇంగ్లిష్ ఎంతవరకు వచ్చిందో నేను చెబుతాను. మీ వెనక పదిమంది నిలబడి ఉన్నా సరే, ఈసారి తొందరపెట్టను.

ఇట్లు,
మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్